రాత పని వెతకడం ఆపి, రాయించుకోవాల్సిన వాళ్లను వెతకండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరేళ్లు ఒక గోడౌన్‌లో స్టాక్ లెక్కలు చూశారు, ఆ ఉద్యోగం పోయాక రాత మీద ఇష్టంతో ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్స్ పని కోసం వెతకడం మొదలుపెట్టారు, మూడు నెలల్లో 60కి పైగా అప్లై చేస్తే వచ్చినవి రెండే జవాబులు. ఒకరు 1,500 పదాల శాంపిల్ ఫ్రీగా రాసివ్వమన్నారు, ఇంకొకరు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నారు. "అసలు ఆన్‌లైన్‌లో నిజమైన రాత పని ఉందా, ఏఐ వచ్చాక ఇంకా మనుషులతో రాయించుకునే వాళ్లున్నారా" అని అడిగారు.

ఉంది, రాయించుకుంటున్నారు. పన్నెండేళ్లుగా నేను బతుకుతున్నది ఈ పని మీదే, ఇప్పుడు చేతిలో ఉన్న నలుగురు క్లయింట్లలో ముగ్గురు ఏఐ వచ్చాక కుదిరినవాళ్లే. మీరు జత చేసిన శాంపిల్ కూడా చదివాను. రాత బాగుంది, వాక్యం తేటగా నడుస్తోంది. ఇబ్బందల్లా మీ ప్రొఫైల్‌లో పెట్టుకున్న ఆ మొదటి లైనుతోనే: "ఏ టాపిక్ మీదైనా రాయగలను, బ్లాగులు, ఆర్టికల్స్, ప్రొడక్ట్ డిస్క్రిప్షన్లు, టైముకి ఇస్తాను." మీకు ఆరేళ్ల అనుభవం ఉంది, ఈ లైనులో దాని జాడ కూడా లేదు. ఈ లైను వేలమంది ప్రొఫైళ్లలో అక్షరం మారకుండా ఉంటుంది.

రాయించుకునే మనిషికి ఇది ఎలా కనిపిస్తుందో చెప్తాను. మధ్యలో రెండేళ్లు నేను ఒక కంపెనీకి కంటెంట్ పని చూశాను, రైటర్లను ఎంచుకునే బాధ్యత నాదే. రైటర్ కావాలని ఒక పోస్ట్ పెడితే సాయంత్రానికి వంద దాటి ప్రపోజల్స్, అంటే ఆ పని తమకివ్వమని రైటర్లు రాసే సందేశాలు, వచ్చేవి. లిస్టులో ఒక్కొక్కరిదీ మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, తెరిస్తే తప్ప మిగతాది కనపడదు. ఆ వందలో ఎనభై తొంభై "నమస్కారం, నేను రాత అంటే ప్రాణం పెట్టే అనుభవజ్ఞుడైన కంటెంట్ రైటర్‌ని" అనే మొదలవుతాయి. చెడ్డ మనుషులని కాదు, వాళ్లలో మంచి రైటర్లు కూడా ఉండే ఉంటారు, కానీ తొంభై తెరిచి చూసే టైము నాకెక్కడిది? ఒకావిడ మాత్రం ఇలా మొదలుపెట్టింది: "రిటర్న్స్ మీద మీ ఆర్టికల్ చదివాను. వెనక్కి వచ్చిన సరుకు పాడైపోయి ఉంటే దాన్ని ఏ లెక్కలో వేయాలో అందులో రాయలేదు, మా దుకాణంలో రోజూ తగువు పడేది అక్కడే." ఆవిడకి అప్పటికి అచ్చయిన రాత ఒక్కటి కూడా లేదు. ఆ రోజే మాట్లాడాను, రెండేళ్లూ ఆవిడతోనే రాయించాను.

ఇప్పుడు ఏఐ సంగతి. చవకగా, గుట్టలుగా, ఎవరు రాసినా ఒకేలా ఉండే ఆర్టికల్స్ పని నిజంగానే కూలిపోయింది. అది 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక మొదలైన కష్టమే అనుకోకండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు గూగుల్‌లో పైన కనపడడం కోసమే రోజుకి వేలల్లో ఆర్టికల్స్ తయారుచేసే సైట్లు నడిచాయి, కంటెంట్ మిల్లులు అంటారు వాటిని, పదానికి ఇంత అని చిల్లర డబ్బులిచ్చేవి. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే అప్‌డేట్ తెచ్చి ఆ సైట్లను కిందికి తోసేసింది, రాసేవాళ్ల పని రాత్రికి రాత్రి పడిపోయింది. ఏఐ ఇప్పుడు చేసింది కూడా అలాంటిదే, ఇంకా పెద్ద ఎత్తున. ఎక్కడో ఉన్న నాలుగు ఆర్టికల్స్ చదివి అయిదోది రాసే పని ఎప్పుడు పోతుందా అన్నట్టే ఉండేది, ఇప్పుడు పోయింది. మీరు అప్లై చేసిన 60లో ఎక్కువ ఆ రకం పోస్టులే అయి ఉంటాయి. అవి దొరకలేదని దిగులు పెట్టుకోకండి, దొరికినా నిలిచేవి కావు.

నిలిచేది ఏదంటే, పని చేసిన మనిషికి తప్ప తెలియని విషయం. మీ విషయమే తీసుకోండి. స్టాక్ లెక్కలో తేడా వచ్చింది అంటే బయటివాళ్లు మొదట దొంగతనం అనుకుంటారు. మీరు అనుకోరు. మీరు ముందు యూనిట్ చూస్తారు. సరుకు 40 డబ్బాలు వచ్చింది, డబ్బాకి 12 పీసులు, దించుకున్న కుర్రాడు సిస్టమ్‌లో 40 అని కొట్టాడు, సిస్టమ్ దాన్ని 40 పీసులుగా తీసుకుంది. ర్యాక్‌లో 480 ఉన్నాయి, కంప్యూటర్‌లో 40 ఉన్నాయి, కొనుగోళ్ల వాళ్లు సరుకు అయిపోతోందని మళ్లీ ఆర్డర్ పెట్టేశారు. తర్వాత చూసేది లెక్కపెట్టే వేళ: ఒక పక్క లెక్క నడుస్తుంటే ఇంకో పక్క ఆర్డర్లకి సరుకు తీస్తూనే ఉన్నారా అని. ఆ తర్వాత లారీ దిగి వాకిట్లోనే పడి ఉన్న, ఇంకా సిస్టమ్‌లో ఎక్కని సరుకు. ఈ వరస మీకు చేతివేళ్ల మీద ఉంటుంది. దీన్ని నేను రాయలేను, గోడౌన్ మెట్లెక్కని రైటర్ ఎవరూ రాయలేరు. ఏఐ రాస్తుంది కానీ ఎక్కడో చదివినట్టు రాస్తుంది, ఆ కుర్రాడు 40 అని ఎందుకు కొట్టాడో దానికి తెలియదు. చలాన్ మీద 40 అనే ఉంది మరి, వాడి తప్పేముంది?

ఈ విషయాలు డబ్బిచ్చి రాయించుకునేది ఎవరు అంటే, మొదటగా గోడౌన్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలు. చిన్నవీ పెద్దవీ చాలా ఉన్నాయి, దాదాపు ప్రతి దానికీ ఒక బ్లాగు, ఒక హెల్ప్ సెక్షన్, కస్టమర్ల అనుభవాల పేజీ, వారానికో నెలకో ఒక ఈమెయిల్ ఉంటాయి. వాళ్ల దగ్గర సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు ఉంటారు, మార్కెటింగ్ తెలిసినవాళ్లు ఉంటారు, గోడౌన్‌లో నిలబడి లెక్కపెట్టినవాళ్లు ఉండరు. తర్వాత బార్‌కోడ్ స్కానర్లు, ర్యాకులు, ప్యాకింగ్ సామాను అమ్మేవాళ్లు, సరుకు రవాణా కంపెనీలు, ఆ రంగానికే ఉన్న ట్రేడ్ మ్యాగజైన్లు. ట్రేడ్ మ్యాగజైన్లంటే మామూలుగా మనం పేరు కూడా వినం, కానీ వాటి ఎడిటర్లకి పని తెలిసి రాయగలిగిన మనిషి దొరకడమే గగనం. నర్సుగా చేసినవాళ్లయినా, స్కూల్లో పాఠాలు చెప్పినవాళ్లయినా, మెకానిక్ అయినా ఇదే లెక్క. మీ పాత ఉద్యోగానికి సరుకులు, సాఫ్ట్‌వేర్, శిక్షణ ఎవరు అమ్మేవారో రాసుకుంటూ పోతే ఆ కాగితమే మీ క్లయింట్ల లిస్టు.

వెతకడం ఎలాగంటే, జాబ్ బోర్డులు ఒక మూలన ఉండనివ్వండి. ప్రోబ్లాగర్ జాబ్ బోర్డు లాంటివి చూడొచ్చు, పోస్ట్ పెట్టేవాళ్లే అక్కడ డబ్బు కడతారు కాబట్టి పనికిమాలినవి కొంచెం తక్కువ. లింక్డ్‌ఇన్‌లో "కంటెంట్ మేనేజర్", "కంటెంట్ మార్కెటింగ్", "ఎడిటర్" అని కొట్టి పక్కన మీ రంగం పేరు పెట్టి వెతకండి. అక్కడ కనిపించేవాళ్లే రైటర్లకి పని ఇచ్చేవాళ్లు. హెచ్ఆర్‌కి రాస్తే లాభం లేదు, ఫ్రీలాన్సర్ల సంగతి సాధారణంగా వాళ్ల దాకా రాదు. ఆ కంపెనీ బ్లాగు తెరిచి తేదీలు చూడండి. వారం వారం వచ్చిన ఆర్టికల్స్ మూడు నెలల కింద ఆగిపోయాయంటే రాసే మనిషి వెళ్లిపోయి ఉండొచ్చు. ఫుల్‌టైమ్ కంటెంట్ రైటర్ కావాలని ప్రకటన ఇచ్చారంటే పని ఉంది, చేసేవాళ్లు లేరు అని వాళ్లే చెప్తున్నట్టు. ఉద్యోగిని తీసుకునేలోపు ఒక ఫ్రీలాన్సర్ సాయం వాళ్లకి కావాలి. ఈ రెండు గుర్తులు పట్టుకుని నేను తెచ్చుకున్న పని, అప్లై బటన్ నొక్కి తెచ్చుకున్న పని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గూగుల్‌లో మీ రంగం పేరుతో పాటు "రైట్ ఫర్ అస్" అని కొటేషన్లలో పెట్టి వెతికితే బయటి రచనలు తీసుకునే సైట్లు కూడా కనిపిస్తాయి, వాటిలో చాలావరకు డబ్బివ్వవు కాబట్టి నియమాల పేజీ మొత్తం చదివాకే ముందుకెళ్లండి.

ఇలా దొరికిన మనిషికి ఉత్తరం, అంటే మెయిల్, రాసే ముందు మూడు శాంపిల్స్ కావాలి. పది వద్దు. మూడూ ఒకే రంగం మీద ఉండాలి, మూడూ మీరు అమ్మాలనుకుంటున్న రూపంలోనే ఉండాలి. బ్లాగ్ ఆర్టికల్స్ రాయాలనుకుంటే కవితలు, కథలు జత చేయకండి, అవి ఎంత బాగున్నా సరే. అచ్చయినవే అయి ఉండాలని ఎవరూ అడగరు. గూగుల్ డాక్ లింక్ చాలు, మీడియం అనే బ్లాగుల సైటులో పెట్టుకున్నా చాలు, సొంత వెబ్‌సైట్ తర్వాత సంగతి. వెబ్‌సైట్ రంగులు దిద్దుకుంటూ రెండు నెలలు గడిపేసి ఒక్క ఉత్తరం కూడా పంపనివాళ్లను నేను చాలామందిని చూశాను, బాధేస్తుంది. ఒకటి మాత్రం మర్చిపోకండి, మీ రాత ఎక్కడైనా అచ్చయిన రోజే పీడీఎఫ్ తీసి దాచుకోండి. సైట్లు మూతపడతాయి, పేజీలు తీసేస్తారు. నా మొదటి మూడేళ్ల రాతల్లో సగానికి ఇప్పుడు లింకులు లేవు.

శాంపిల్ మొదటి పేరా మీద ఎక్కువసేపు కూర్చోండి. మీరు పంపిన శాంపిల్ ఇలా మొదలైంది: "నేటి పోటీ ప్రపంచంలో వ్యాపారాలకు ఇన్వెంటరీ నిర్వహణ అత్యంత ముఖ్యమైనది." ఇది ఎవరైనా రాస్తారు, ఏఐ అయితే సరిగ్గా ఇదే రాస్తుంది. ఇందాక నేను చెప్పిన 40 డబ్బాల సంగతితో మొదలుపెట్టి చూడండి: "ర్యాక్‌లో 480 ఉన్నాయి. కంప్యూటర్ 40 అంటోంది. ఎవరూ దొంగిలించలేదు." కంటెంట్ మేనేజర్ అక్కడే ఆగి చదువుతుంది, ఎందుకంటే వాళ్ల కస్టమర్లు రోజూ సపోర్ట్‌కి ఫోన్ చేసి మొరపెట్టుకునేది ఇదే.

ఇక ఉత్తరం. ఆరేడు లైన్లు దాటకూడదు. ఉదాహరణకి, సైకిల్ కౌంట్ (సరుకంతా ఒకేసారి కాకుండా కొంత కొంతగా లెక్కపెట్టడం) మీద వాళ్ల బ్లాగులో ఒక ఆర్టికల్ ఉందనుకుంటే:

"నమస్తే. ఆరేళ్లు గోడౌన్‌లో స్టాక్ లెక్కలు చూశాను, ఇప్పుడు ఆ రంగం మీద రాస్తున్నాను. మీ బ్లాగులో సైకిల్ కౌంట్ మీద ఉన్న ఆర్టికల్ బాగుంది. కాకపోతే లెక్క నడిచే సమయంలో సరుకు తీయడం ఆపలేని గోడౌన్లు ఏం చేయాలో అందులో లేదు, చిన్న గోడౌన్లు చాలావాటికి ఉన్న ఇబ్బంది అదే. దాని మీద 1,200 పదాలు రాసివ్వగలను. నా రాత ఎలా ఉంటుందో ఈ రెండు లింకుల్లో చూడొచ్చు. ఇప్పుడు బయటి రైటర్లతో రాయించుకుంటున్నారా?"

అంతే. చివర ఒక్క ప్రశ్న ఉండాలి, అవును కాదు అని ఒక్క మాటలో జవాబివ్వగలిగేది. "అవకాశం ఇస్తే రుజువు చేసుకుంటాను", "తక్కువ రేటుకే చేస్తాను" లాంటి మాటలు తీసేయండి. మీరు సాయం అడగడం లేదు, వాళ్లకి కావాల్సిన సరుకు మీ దగ్గర ఉందని చెప్తున్నారు. వారం తర్వాత జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు లైన్లు మళ్లీ రాయండి. నాకు వచ్చిన జవాబుల్లో చాలావరకు రెండో మెయిల్‌కే వచ్చాయి, మొదటిదానికి కాదు. మూడోది ఇంకో మూడు వారాల తర్వాత, అక్కడితో ఆపేయండి. ఎవరికి ఎప్పుడు పంపారో ఒక షీట్‌లో రాసుకోండి: కంపెనీ, మనిషి పేరు, తేదీ, ఏ ఐడియా ఇచ్చారు, జవాబు ఏమిటి. రోజుకి రెండు ఉత్తరాలు, చదివి ఆలోచించి రాసినవి, ఇరవై కాపీ పేస్ట్ ఉత్తరాల కంటే మేలు. పదిహేనో ఇరవయ్యో పంపితే ఒక జవాబు రావడం మొదట్లో మామూలే, కాబట్టి పదింటికి జవాబు రాలేదని టెన్షన్ పడి మానేయకండి.

ఫ్రీలాన్స్ పని దొరికే సైట్లు అప్‌వర్క్, ఫైవర్ గురించి కూడా అడిగారు కదా. అవి పనికిరావని నేను అనను, నా మొదటి క్లయింటు దొరికింది అలాంటి చోటే, అప్పటికి ఈలాన్స్, ఓడెస్క్ అని రెండు సైట్లుండేవి, అవి కలిసి 2015లో అప్‌వర్క్ అయ్యాయి. అక్కడ ప్రపోజల్ పంపాలంటే కనెక్ట్స్ అనేవి ఖర్చవుతాయి, అయిపోతే కొనుక్కోవాలి, కాబట్టి కనపడ్డ ప్రతిదానికీ పంపితే మీ జేబే ఖాళీ అవుతుంది. పంపే ముందు క్లయింట్ పక్కన ఉన్న వివరాలు చూడండి: పేమెంట్ వెరిఫై అయిందా, ఇంతకుముందు ఎంతమందిని తీసుకున్నారు, ఎంత ఖర్చుపెట్టారు, పనిచేసినవాళ్లు వాళ్ల గురించి ఏం రాశారు. పోస్ట్ పెట్టి ఇరవై సార్లయినా ఒక్కరినీ తీసుకోని క్లయింటుకి పంపడం దండగ. ఫిక్స్‌డ్ ప్రైస్ పనైతే ఎస్క్రోలో, అంటే పని అయ్యేదాకా సైటు దగ్గర ఉండే ఖాతాలో, క్లయింటు డబ్బు వేసినట్టు కనిపించాకే మొదలుపెట్టండి. అక్కడ పరిచయమైన క్లయింటు "బయట డబ్బిస్తాను" అంటే ఒప్పుకోకండి, రెండేళ్లపాటు వాళ్లతో పని సైటు లోపలే జరగాలన్నది నియమం, తప్పితే అకౌంట్ పోవచ్చు. ఫైవర్ పద్ధతి వేరు, మీరు గిగ్ (ఫలానా పని ఇంతకి చేసిస్తాను అనే ప్రకటన) పెడతారు, కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు, మీ సంపాదనలో 20 శాతం వాళ్లే తీసుకుంటారు, ఆర్డర్ పూర్తయ్యాక కూడా కొత్తవాళ్లకి డబ్బు చేతికి రావడానికి 14 రోజులు పడుతుంది. ఈ కమీషన్‌ని రేటు చెప్పేముందే లెక్కేసుకోండి. మీరు రెండు భాషలు బాగా రాయగలిగితే ప్రోజ్ అని అనువాదకుల సైటు ఉంది, 1999 నుంచి నడుస్తోంది, అదీ చూడండి. పుస్తకాల ఎడిటింగ్, ఘోస్ట్ రైటింగ్ (ఇంకొకరి పేరుతో రాసిపెట్టడం) వైపు వెళ్లేవాళ్లకి రీడ్సీ అనే సైటు ఉంది, అయితే అనుభవం లేనివాళ్లను అక్కడ తీసుకోరు, మీకు ఇప్పుడే కాదు.

మీకు వచ్చిన ఆ రెండు జవాబుల దగ్గరికి వద్దాం. రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాళ్లు మోసగాళ్లు, అందులో ఆలోచించడానికేం లేదు. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోవడమేంటి? సెక్యూరిటీ డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ కిట్ అన్నా, అకౌంట్ యాక్టివేషన్ అన్నా పేరు మారుతుంది కానీ పని అదే. టెలిగ్రామ్‌లోకి రమ్మని అక్కడే "ఇంటర్వ్యూ" చేసి అరగంటలో ఉద్యోగం ఇచ్చేసేవాళ్లు, పీడీఎఫ్ చూసి టైప్ చేయిస్తామని అగ్రిమెంట్ మీద సంతకం తీసుకుని తర్వాత తప్పులున్నాయి జరిమానా కట్టమని బెదిరించేవాళ్లు, ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి మిగతాది వెనక్కి పంపమనేవాళ్లు కూడా ఈ గుంపే. ఆ చెక్కు కొన్ని రోజుల తర్వాత బౌన్స్ అవుతుంది, మీరు పంపింది మాత్రం పోతుంది. ఇంకో రకం పని కూడా మీ దారికి వస్తుంది: విద్యార్థులకి అసైన్‌మెంట్లు, థీసిస్‌లు రాసిపెట్టడం. వద్దు. ఆస్ట్రేలియాలో 2020లో, ఇంగ్లండ్‌లో 2022లో ఆ సర్వీసు అమ్మడమే నేరమని చట్టం చేశారు, ఎక్కడ కూర్చుని రాసినా అది ఇంకొకరి చదువుని పాడుచేసే పని.

ఫ్రీ శాంపిల్ అడిగినవాళ్ల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మంచి క్లయింట్లు కూడా టెస్ట్ పెడతారు. నాకు మొదటి ఏడాది ఒక సైటు వాళ్లు 1,500 పదాల టెస్ట్ ఇచ్చారు, టాపిక్ వాళ్లదే, మూడు రోజులు కూర్చుని రాశాను. "మా స్టైల్‌కి సరిపోలేదు" అని ఒక్క లైను జవాబు. రెండు నెలల తర్వాత ఏదో వెతుకుతుంటే నా ఆర్టికల్ ఆ సైటులోనే కనిపించింది, వేరే పేరుతో, నా రెండో పేరాలో ఉన్న అచ్చుతప్పుతో సహా. ఆ రోజు చాలా ఏడుపొచ్చింది. మెయిల్ పెట్టాను, జవాబు లేదు. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. టెస్ట్ అంటే 200 పదాలైతే ఫ్రీగా రాస్తాను, అంతకు మించితే మామూలు రేటులో కొంతైనా ఇవ్వమంటాను, వాళ్లు వాడుకోకపోయినా సరే. "నా శాంపిల్స్ ఇవి, వీటితో తేల్చుకోలేకపోతే పెయిడ్ టెస్ట్‌కి సిద్ధం" అని మర్యాదగా రాయండి. నిజమైన క్లయింటు దానికి నొచ్చుకోడు.

రేటు ఎంత చెప్పాలో అడిగారు. అంకె నేను చెప్పలేను, చెప్పినా మీకు పనికిరాదు, రంగాన్ని బట్టీ రాత రకాన్ని బట్టీ అది బాగా మారిపోతుంది. లెక్క మాత్రం చెప్తాను. 1,200 పదాల ఆర్టికల్ రాయడానికి ఎంతసేపు అంటే చాలామంది మూడు గంటలు అంటారు. టైమర్ పెట్టుకుని చూడండి. బ్రీఫ్ (ఏం కావాలో క్లయింట్ రాసిచ్చేది) చదివి సందేహాలు అడగడానికి అరగంట, చదువుకోవడం, ఎవరితోనైనా మాట్లాడడం రెండు గంటలు, డ్రాఫ్ట్ మూడు, మర్నాడు దిద్దుకోవడం గంట, క్లయింట్ మార్పులు ఇంకో గంట, ఇన్వాయిస్, మెయిళ్లు అరగంట. ఎనిమిది గంటలైంది. మీకు నెలకి ఎంత కావాలి, నెలలో డబ్బొచ్చే పనిగంటలు ఎన్ని దొరుకుతాయి అని చూసుకోండి. రోజంతా కూర్చున్నా సగానికి పైగా వెతుకులాటకీ మెయిళ్లకీ పోతాయి. ఆ మొత్తాన్ని ఆ గంటలతో భాగించి, వచ్చినదాన్ని ఎనిమిదితో గుణిస్తే ఆర్టికల్ ఒకటికి కనీస రేటు వస్తుంది. పదానికి ఇంత అని కాకుండా ఆర్టికల్‌కి ఇంత అని చెప్పడం నాకు ఇష్టం, పదాల లెక్కైతే సాగదీయాలనిపిస్తుంది, 900లో అయిపోయే విషయం 1,500 అవుతుంది. ఆ రేటులో రెండు రౌండ్ల మార్పులు కలిపి, మూడోదానికి విడిగా అని ముందే రాయండి.

ఇవన్నీ ఒప్పందంలో ఉండాలి. పెద్ద కాగితం అక్కర్లేదు, ఒక్క మెయిల్ చాలు: ఏం రాస్తున్నాను, ఎన్ని పదాలు, ఎప్పటికి, ఎంత, ఎప్పుడిస్తారు, మధ్యలో పని ఆపేస్తే ఎంతిస్తారు, హక్కులు ఎవరివి, నా పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా. దానికి వాళ్లు "సరే" అని జవాబిస్తే చాలావరకు అదే మీకు ఆధారం. చాలా దేశాల్లో రాసిన క్షణం నుంచే కాపీరైట్ రాసినవాళ్లది, కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం చెప్పేది అదే, కాబట్టి "పూర్తి డబ్బు అందాక హక్కులు మీకు వస్తాయి" అనే వాక్యం తప్పకుండా పెట్టుకోండి. డబ్బు ఎగ్గొట్టి ఆర్టికల్ పెట్టేసుకున్నవాళ్ల మీద మీ చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే. కొత్త క్లయింటు దగ్గర సగం అడ్వాన్స్ అడగండి. నెట్ 30 అంటే ఇన్వాయిస్ ఇచ్చిన 30 రోజులకి ఇస్తారని, కంపెనీల్లో అది మామూలే, 60 అంటే ఆలోచించండి. ఈ గోల అందరికీ ఉన్నదే. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసం ప్రత్యేకంగా చట్టమే ఉంది, ఒక మొత్తం దాటిన పనికి ఒప్పందం రాతలో ఉండాలని, తేదీ రాసుకోకపోతే పని అయిన 30 రోజుల్లో డబ్బివ్వాలని. వేరే దేశం క్లయింటైతే డబ్బు పేపాల్‌లోనా, వైజ్‌లోనా, పేయోనీర్‌లోనా అన్నది ముందే మాట్లాడుకోండి, ఫీజులూ కరెన్సీ మార్పిడి రేటూ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఆ కోత ఎవరు భరించాలో కూడా తేల్చుకోండి.

ఈ మధ్య కొత్తగా వచ్చిన తలనొప్పి ఒకటుంది, మొదటి పనికి ముందే తెలిసి ఉండాలి. మీరే కష్టపడి రాసినదాన్ని ఏదో టూల్‌లో వేసి "ఇది ఏఐ రాసింది" అని క్లయింట్ వెనక్కి పంపొచ్చు. ఆ టూల్స్ నమ్మదగ్గవి కావు, చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత టూల్‌నే సరిగ్గా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో తీసేసింది. కానీ వాదించి గెలవలేం, ఆధారం చూపించాలి. అందుకని మొదటి లైను నుంచీ గూగుల్ డాక్‌లోనే రాయండి, వేరేచోట రాసి ఒక్కసారిగా పేస్ట్ చేయకండి. వెర్షన్ హిస్టరీలో మీరు రాసినదీ కొట్టేసినదీ గంటల వారీగా కనిపిస్తుంది. నోట్స్, మాట్లాడినవాళ్ల వాయిస్ రికార్డింగులు (వాళ్లను అడిగి చేసినవి) దాచుకోండి. క్లయింట్ ఏఐ వాడొచ్చు అంటే వాడండి, వద్దంటే అస్సలు వద్దు, ఏం చేశారో దాచకండి. ఏఐ ఇచ్చిన అంకెని సరిచూడకుండా పెట్టి క్లయింటుని పోగొట్టుకున్న రైటర్ నాకు తెలుసు, మళ్లీ ఆ తలుపు తెరుచుకోలేదు.

మొదటి పని దొరికాక దానిమీదే ఎక్కువ శ్రద్ధ పెట్టండి, కొత్త ఉత్తరాలు కాస్త తగ్గినా ఫర్వాలేదు. ఒక రోజు ముందే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కింద రెండు లైన్లు రాయండి: ఫలానా అంకె ఎక్కడినుంచి తీసుకున్నాను, ఫలానా చోట మీ వాళ్లతో ఒకసారి సరిచూడాలి అని. ఎడిటర్‌కి దానివల్ల ఎంత పని తగ్గుతుందో అవతల ఉండి చూశాను కాబట్టి చెప్తున్నాను. ఆర్టికల్ అచ్చయిన వారానికి ఇంకో రెండు ఐడియాలు పంపండి. నా సంపాదనలో పెద్ద భాగం ఎప్పుడూ పాత క్లయింట్ల దగ్గరినుంచీ, వాళ్లు ఇంకొకరికి నా పేరు చెప్పడం వల్లా వచ్చిందే. ఒకావిడ కంపెనీ మారింది, నన్నూ వెంట తీసుకెళ్లింది, అలా మూడు కంపెనీలు మారాం.

డబ్బు విషయంలో మీ దగ్గర ఏమీ దాచను: అద్దె, ఇంటిఖర్చు దీనిమీదే గడవాలంటే మొదటి ఆరు నెలలు కష్టం. ఇంకేదైనా పార్ట్‌టైమ్ పని దొరికితే వదులుకోకండి, పొద్దున రెండు గంటలు దీనికి కేటాయించండి చాలు. గోడౌన్ పనే మళ్లీ దొరికితే ఇంకా మంచిది, రాయడానికి కొత్త సంగతులు దొరుకుతూనే ఉంటాయి.

ఈ వారం ఉత్తరాలేమీ పంపకండి. ప్రొఫైల్‌లో ఆ మొదటి లైను తీసేసి "గోడౌన్, స్టాక్ నిర్వహణ మీద రాస్తాను, ఆరేళ్లు ఆ పని చేశాను" అని మార్చండి. తర్వాత ఆ 40 డబ్బాల శాంపిల్ రాయండి, మీ గోడౌన్‌లో నిజంగా జరిగిన సంగతితో, కంపెనీ పేరు, మనుషుల పేర్లు లేకుండా. రాశాక నాకు పంపండి, మొదటి పేరా ఇద్దరం కలిసి చూద్దాం.